గరిటెకు ముక్కుందా?

ఒక పెద్ద అడవికి జలుబు చేసింది.

అడవికి జలుబేమిటంటారా? కోతి తుమ్మింది, కుందేలు చీదింది, నెమలి గొంతు బొంగురుపోయింది గానీ ఆ తేడా ఎవరికీ తెలియలేదు. అంతవరకూ సింహరాజుగారు పట్టించుకోలేదు. మిరియాల కషాయం కాచీ కాచీ వైద్యుడు ఎలుగుబంటికి నడుం పట్టేసిందని విన్నాక మాత్రం ఆయనకి గుబులు మొదలైంది.

ఆ గుబులు జనం గురించి కాదు, తన గొంతు గురించి. ఈ అడవికీ పక్క అడవికీ మధ్య ఒకే ఒక్క వాగు. ఏటా ఎండాకాలం మొదట్లో ఈ ఒడ్డున సింహం, ఆ ఒడ్డున పులి నిలబడి గర్జించాలి. ఎవరి గర్జన పెద్దదైతే ఆ ఏడాదికి వాగు వాళ్ళది. ఇద్దరూ సమానమైతే పోయినేడు ఎవరిదో వాళ్ళదే. పోయినేడు గెలిచింది సింహరాజుగారే. వాగు పోతే పిల్లాజెల్లాకి తాగడానికి చుక్క నీరుండదు.

"మంత్రీ, నా గొంతు పోతే మన వాగు పోయినట్టే. ఏదో ఒకటి చెయ్యి," అన్నారు రాజుగారు.

"చిత్తం ప్రభూ," అంది నక్క. "సభకొచ్చే ప్రతివాడూ కుంకుడు రసంతో చేతులు కడుక్కునే రావాలని శాసనం చేద్దాం."

నిజం చెప్పొద్దూ, ఇంతవరకూ శాసనం బంగారమే. అక్కడితో ఆగితే అది నక్క ఎందుకవుతుంది?

"కడుక్కున్నట్టు రుజువు కూడా ఉండాలి ప్రభూ!"

వనభోజనాలకొచ్చిన మనుషులు పారేసిపోయిన స్టీలు పళ్ళెం, గరిటె ఉన్నాయి. వాటిని సభ గుమ్మంలో వేలాడదీశారు. చేతులు కడుక్కున్నవాడు గరిటె అందుకుని పళ్ళెం మీద ఠంగుమని కొట్టి లోపలికెళ్ళాలి. కాపలాకి అడవిదున్నను పెట్టారు. అది చూసేది కాదు, వినేది. ఠంగుమంటే దారిస్తుంది, లేకపోతే కొమ్ములు అడ్డం పెడుతుంది.

మర్నాడే ఎలుగుబంటి నడుం పట్టుకుని మూలుగుతూ వచ్చింది.

"మంత్రిగారూ, చేతులు కడుక్కుని వరసలో నించున్నాక తుమ్మొస్తుందనుకోండి. చెయ్యి అడ్డం పెట్టుకుంటాం. అదే చేత్తో గరిటె పట్టుకుంటాం. వైరస్ గరిటె మీదికి దిగుతుంది. నున్నటి స్టీలు మీద అది రోజుల తరబడి బతుకుతుందండీ. వెనకొచ్చినవాడు ఆ గరిటె పట్టుకుని ముక్కు నలుపుకుంటే ఇంకేముంది?"

"గరిటెకు ముక్కుందా?" అంది నక్క.

"లేదండీ."

"ముక్కే లేనిదానికి జలుబెట్లా చేస్తుందయ్యా?"

సభంతా గొల్లుమంది. నవ్వుతూనే సగం మంది తుమ్మారు.

"పోనీ, గరిటెను కూడా కడిగిద్దామండీ," అని ఎలుగుబంటి బతిమాలింది.

"కడిగినట్టు రుజువు?"

నక్కే దారి చూపించింది. "ఏముంది, కడిగినవాడు ఆ గరిటెతోనే ఓసారి పళ్ళెం కొడితే సరి!"

కొన్నాళ్ళకి కోతి ఒక గొప్ప సంగతి కనిపెట్టింది. చేతులు కడగకపోయినా పళ్ళెం ఠంగుమంటుంది. ఇంకేం, కుంకుడు రసం కుండలోనే పులిసిపోయింది. పళ్ళెం మాత్రం పొద్దస్తమానం మోగింది.

"విన్నారా ప్రభూ, పథకం ఎంత బాగా నడుస్తోందో!" అని నక్క మురిసిపోయింది.

ప్రజలకి ఆదర్శంగా ఉండాలని రాజుగారే స్వయంగా వచ్చి, అందరికన్నా గట్టిగా పళ్ళెం కొట్టారు. చప్పట్లు మోగాయి. ఆ చేత్తోనే మీసం దువ్వుకున్నారు.

రెండు రోజులు తిరక్కుండా రాజుగారి గొంతులోంచి పిల్లికూత వచ్చింది.

"నా ప్రజలకి నీళ్ళు లేకుండా చేశాను కదయ్యా," అని ఆయన ఎలుగుబంటి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పాపం, అవి జలుబు నీళ్ళు కావు, నిజంగా ఏడుపే.

ఈ కబురు వాగు దాటింది. పులి పట్టలేని సంతోషంతో, పందేనికి ముందే పరామర్శ వంకన బయల్దేరి వచ్చింది. వాగులో తను ఎక్కడ జలకాలాడాలో దారిలోనే చూసి పెట్టుకుంది కూడా.

గుమ్మంలో దున్న కొమ్ములు అడ్డం పెట్టింది. "ఠంగు వినపడలేదు."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు దొరా. ఠంగు వినపడలేదు."

పులి పళ్ళు నూరుకుంటూ గరిటె అందుకుని పళ్ళెం కొట్టింది. లోపల రాజుగారి పిల్లికూత వినగానే నవ్వాపుకోలేక, అదే చేత్తో నోరు మూసుకుంది.

పందెం రోజు వచ్చింది. రెండు ఒడ్డుల మీదా జనం. సింహరాజుగారు ఊపిరి బిగబట్టి నోరు తెరిచారు. "హా... హా... హాచ్!"

అవతలి ఒడ్డున పులి దర్జాగా రొమ్ము విరుచుకుని నోరు తెరిచింది. చుంచెలుక అరిచినట్టు కీచుమని ఒక్క కూత వచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే అదీ రాలేదు.

"సమానం! ఇద్దరూ సమానం! వాగు మనదే!" అని ఎలుగుబంటి నడుం నొప్పి మరిచిపోయి గంతులేసింది.

"ఇదంతా నేను ముందే అనుకున్నదే ప్రభూ," అంది నక్క, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ సాయంత్రమే గరిటెకు పూలదండ వేసి ఊరేగించారు. ఆనక అడవి అడవంతా వరసలో వచ్చి, వాగు దక్కించిన ఆ గరిటెను భక్తిగా తాకి, ఒకరి తర్వాత ఒకరు కళ్ళకద్దుకున్నారు.

ఎలుగుబంటి వెళ్ళి కషాయానికి ఎసరు పెట్టింది.

నీతి: గరిటెను కడగనక్కర్లేదు, పక్కింటివాడి చేతికి కూడా ఇస్తే చాలు.