విజయకుమారి కథలో ఊరందరికీ పాలు

రచయిత అనేవాడు లేకపోతేనే సినిమా బాగుపడుతుంది! కోప్పడకండి. ముందు మా విజయకుమారి సంగతి వినండి, ఆ తర్వాత కాదందురుగాని.

సముద్రం ఒడ్డున, వేట మీద బతికే ఇంట్లో పుట్టిన పిల్ల. చిట్టమూరులో జిరాక్స్ షాపులో పని. పాడైపోయిన కాగితాల వెనకవైపున మూడేళ్ళు కూర్చుని ఒక సినిమా కథ రాసింది.

కథ వాళ్ళమ్మ పేరమ్మది. మొగుడు వేటకెళ్ళి తిరిగిరాని ఆ పదకొండు రోజులూ పేరమ్మ ఏడవలేదు. ఆయన వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని, గడప ముందు కూర్చుని చిరిగిన వల బాగుచేస్తూనే ఉంది. ఆయన రాలేదు. ఆ సీనులో మాటల్లేవు, పాటల్లేవు. దాన్ని తెరమీద చూడాలి, కథ కింద తన పేరు చూసుకోవాలి. ఇదీ ఆ పిల్ల ఆశ.

ఎంత స్వార్థం!

గూడూరులో పెళ్ళి వీడియోలు తీసే ప్రసాద్‌కి కథ తెగ నచ్చింది. "అక్కా, ఇది ఇండిపెండెంట్ సినిమా. మనకి ప్రొడ్యూసర్ లేడు, మన మీద పెత్తనం చేసేవాడు లేడు" అన్నాడు. నిజమే. పెత్తనం చేసేవాడు ఒక్కడూ లేడని తెలియగానే ఊరంతా ఆ పనికి పూనుకుంది.

పడవ ముత్యాలయ్య ఇచ్చాడు. ఆయన ఊరికి పెద్దకాపు, అంటే తగవులు తీర్చే పెద్దమనిషి. ఆయన మాటంటే మాటే. "పాపా, ఒడ్డున నిలబడి అలివి వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యేసిన ప్రతోడికీ చేపల్లో పాలు ఇస్తామా, లేదా? సినిమాకైనా అదే కట్టుబాటు. చెయ్యేసినోళ్ళందరికీ కతలో పాలుండాల" అని తీర్పు చెప్పాడు.

ఆహా, ఏం న్యాయం! పట్నాల్లో రచయిత పేరు చాటుగా లేపేస్తారని వింటాం. మా దగ్గర ఆ దొంగతనాల్లేవు. పదిమందినీ కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మర్యాదగా లేపేస్తాం.

వెంటనే వాట్సాప్ గ్రూపు పెట్టారు. పేరు 'కథా చర్చ'. మొదటి పాలు ముత్యాలయ్యదే. "నా పడవ మునగకూడదు. సినిమాలోనైనా సరే, మునిగిన పడవని పేరొస్తే రేపు దాన్నెవుడెక్కతాడు?" పడవ మునగకపోతే మనిషి పోడు. మనిషి పోకపోతే పేరమ్మ ఎదురుచూడక్కర్లేదు. ఒక్క దెబ్బతో విషాదం వదిలిపోయింది!

నిమ్మకాయల మండీ అశోక్ వ్యాను ఇచ్చాడు కాబట్టి నిమ్మతోటలో డ్యూయెట్ వచ్చింది. హజరత్తయ్య జనరేటర్ ఇచ్చాడు. "ఆయిలు పోసి నడిపేది ఊరికేనా? ఒక ఫైటుండాల" అన్నాడు. భోజనాలు పెట్టిన వెంకటశేషమ్మ ఏమీ అడగలేదు పాపం. గయ్యాళి పాత్ర ఒకటి పెట్టి, దానికి తన కోడలు అనూష పేరు పెడితే చాలంది.

"మామా, మా నాయన రాలేదు గదా. వచ్చినాడని ఎట్ట రాసేది?" అని విజయకుమారి ముత్యాలయ్యను అడిగింది.

"నువ్వు రాయొద్దులే పాపా, మేం రాసేసినాం."

చూశారా, రచయితకి ఎంత విశ్రాంతో! ఎవరైనా ఇంతకన్నా ఏం చేస్తారు? ఆ పిల్లకు మాత్రం కృతజ్ఞత లేదు. "వల సీను మటుకు ముట్టుకోబాకండన్నా" అని ప్రసాద్‌ని బతిమాలింది. కళ్ళల్లో నీళ్ళు కూడా పెట్టుకుంది.

ప్రసాద్ మాట తప్పే మనిషి కాదు. సీను ఉంచాడు. కాకపోతే కొత్తగా డ్రోన్ కొన్నాడు, దాన్ని ఎక్కడో ఒకచోట ఎగరేయాలి గదా! తెరమీద ఏడు సెకన్లపాటు సముద్రం, ఇసుక, కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. మూలన చీమంత చుక్క ఒకటుంది. అదే పేరమ్మ.

షూటింగ్ అంతా అయ్యాక ఒకరోజు పొద్దుగుంకగానే ఒడ్డున తెర కట్టి సినిమా వేశారు. ఈలలే ఈలలు! తెరమీద మొగుడు పడవ దిగి, ఫైటు చేసి, డ్యూయెట్ పాడాడు. చివర్లో 'కథ' అని పడి, దాని కింద నలభైయొక్క పేర్లు పడ్డాయి. విజయకుమారి పేరు వాటిలో లేదు. కృతజ్ఞతల్లో ఉంది, టీ కొట్టు చెంచయ్య తర్వాత. ఆ పిల్ల తలెత్తలేదు.

ముందు వరసలో చాపమీద కూర్చున్న పేరమ్మ లేచింది. "అన్నా, తాడు పట్టినోళ్ళకంతా పాలిచ్చినారు, బాగుంది. ముందు వల గలోళ్ళకి వల పాలు తీసిపెట్టినాకే గదా మనం తాడు పట్టినోళ్ళకి పంచేది? ఈ వల ఎవురిది?"

ముత్యాలయ్య బుర్ర గోక్కున్నాడు. "అదీ నిజమేలే పేరమ్మా. మళ్ళీ తూరి సినిమాకి చూసుకుందాం" అన్నాడు.

చాదస్తం కాకపోతే, నలుగురి కథ నలుగురూ రాస్తే తప్పేముంది? నేనైతే ఇప్పటికీ నా మాట మీదే ఉన్నాను. ఎందుకంటే ఆ నలభైయొక్క పేర్లలో పదిహేడోది నాది. పడవ దిగగానే మొగుడు గట్టిగా తుమ్మాలన్న సలహా నాదే మరి!

సంపాదకులవారికి మనవి: పై వ్యాసం పూర్తిగా నా సొంతం. ఇందులో కామా కూడా కదిలించకండి. కింద నా పేరు ఒక్కటే పడాలి, పెద్ద అక్షరాల్లో.