కప్పు కింద కూర్చునేవారి సమ్మతి

నెత్తి మీది కప్పు తీసేయడం ఏ గాలివానకైనా చేతనవుతుంది. దాన్ని మళ్ళీ వేయడానికి మాత్రం ఒక వ్యవస్థ కావాలి. నాగరికత అంటే అంతకు మించి ఏమీ లేదు. మన ముందుతరాలు ఈ సంగతి తెలుసుకోకుండానే వెళ్ళిపోయాయి. ఎండ వస్తే నీడలోకి, వాన వస్తే చూరు కిందకి ఎవరినీ అడక్కుండా పోయి నిలబడ్డారు, పాపం.

ఆ అరాచకాన్ని అంతం చేయడానికి పుట్టిందే తెరుచుకునే కప్పుల భద్రతా సంస్థ. (ఆ సంస్థ ఆఫీసు కప్పు కారుతుందని గిట్టనివాళ్ళు అంటారు. అది కారడం కాదు, పైనుంచి జరిగే ప్రసరణ అని సంస్థ ఎప్పుడో వివరణ ఇచ్చింది.)

ఈ సంస్థతో డేరాల బాబాయికి చుట్టరికం కుదిరింది ఒక బుల్లి కారు వల్ల. పెళ్ళిళ్ళకీ సభలకీ డేరాలూ కుర్చీలూ అద్దెకిచ్చే దుకాణం ఆయనది. ఊళ్ళో ఆయన నీడలో కూర్చోని మనిషి లేడు. అలాంటి మనిషి ఒకరోజు కార్ల దుకాణం ముందు నిలబడి, ఒక ఎర్ర కారు గుడ్డకప్పు బటన్ నొక్కగానే దానంతటదే లేచి, మడతలు పడి, వెనక్కి వెళ్ళి డిక్కీలో సర్దుకోవడం చూశాడు. అదే పని చేయడానికి ఆయన మనుషులు నలుగురు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తంటాలు పడతారు. మధ్యలో టీ అడుగుతారు.

"ఇది టీ అడగదు" అన్నాడు బాబాయి భార్యతో, తాళాలు ఇంటికి తెచ్చిన రోజున.

టీ అడగలేదు, నిజమే. మిగతావన్నీ అడిగింది.

కారు కదులుతుండగా కప్పు జోలికి పోకూడదు. ఏటవాలు నేల మీదా దాని జోలికి పోకూడదు. డిక్కీలో కప్పు కోసం ఒక అడ్డపలక ఉంటుంది, అది వంచి లాక్ చేయాలి, సామాను దాని కిందే ఉండాలి. కాలు బ్రేకు మీద, వేలు బటన్ మీద, కప్పు పని పూర్తయ్యేదాకా తీయకూడదు. మధ్యలో వేలు తీస్తే కప్పు ఆకాశంలోనే ఆగిపోయి, ఆవులించిన మొసలిలా ఉంటుంది. తడిసిన కప్పును మడవకూడదు, బూజు పడుతుంది. (ఇది ఒక్కటే బాబాయికి ముందే తెలిసిన రూలు. చదివినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి.) ఇవన్నీ పద్ధతిగానే ఉన్నాయి, ఆయన కూడా పద్ధతిగానే పాటించాడు. ఈలోగా సంస్థవారు కారు కప్పుని నడిపే తమ యాప్‌ను కొత్తగా మార్చారు.

ఆ మార్పు సంగతి బాబాయికి కళ్ళాస్పత్రి ముందు తెలిసింది.

ఆ రోజు అత్తగారిని ఇంటికి తీసుకెళ్ళాలి. ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయింది. కుడికంటి మీద దూది, దాని మీద గట్టి డొప్ప, దాని మీద ప్లాస్టరు. డాక్టరు బాబాయిని పక్కకు పిలిచి గట్టిగానే చెప్పాడు. "గాలి, దుమ్ము, నీళ్ళు. ఈ మూడూ తగలకూడదు. తగిలి చీము పడితే ఆ కన్ను నిలబెట్టడం నా వల్ల కాదు."

"మీకెందుకండీ బెంగ డాక్టరుగారూ, కారు తెచ్చాను" అన్నాడు బాబాయి.

అత్తగారి చెయ్యి పట్టుకుని బయటికొస్తే కారు ఉంది, కప్పు లేదు. స్క్రీన్ మీద ఒక పువ్వు బొమ్మా, దాని కింద 'ఈ వారం కప్పు వ్యాయామం విజయవంతం' అనే అక్షరాలూ ఉన్నాయి. ఎక్కువ రోజులు మూసి ఉంచితే కప్పుకి కీళ్ళు పట్టేస్తాయట. అందుకని ఆగి ఉన్నప్పుడు చూసి తనే తెరుచుకుంటుందట. పైన చూస్తే ఆకాశం బాణలి అడుగులా నల్లబడుతోంది.

అత్తగారు ఉన్న ఒక్క కన్నుతో కారుని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది.

"అల్లుడుగారూ, దీని నెత్తి ఏదీ?"

"డిక్కీలో ఉంది అత్తయ్యగారూ. ఇప్పుడే వచ్చేస్తుంది."

"నా సంచీ కూడా డిక్కీలోనే పెడుతున్నారు. రెండూ కలిసి లేచి రాగలవు, చూసుకోండి."

బాబాయి అడ్డపలక సరిచూశాడు. ఆవిణ్ణి కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. కాలు బ్రేకు మీద, వేలు బటన్ మీద పెట్టాడు. కారు గొంతు సవరించుకుంది.

"నమస్కారం. కప్పు మూయుటకు ముందు, కప్పు కింద కూర్చునే వారందరి సమ్మతి అవసరం. దయచేసి స్క్రీన్ వైపు చూసి, నవ్వకుండా, రెండు కళ్ళూ తెరవండి."

బాబాయి తెరిచాడు. నవ్వకుండా ఉండటం ఆ పరిస్థితిలో కష్టం కాలేదు.

"ధన్యవాదాలు. పక్క సీటులోని ప్రయాణికురాలు రెండు కళ్ళూ తెరవండి."

"తెరిచే ఉంచానమ్మా, ఒకటి" అంది అత్తగారు.

"రెండో కన్ను కనపడలేదు."

"నాకూ కనపడకే కదమ్మా ఇక్కడికొచ్చి పడ్డాను."

"ప్రయాణికురాలు నిద్రలో ఉన్నట్టు భావించడమైనది. నిద్రలో ఇచ్చిన సమ్మతి చెల్లదు. నిద్ర లేపు ప్రయత్నం మొదలవుతోంది."

ఆ ప్రయత్నం హారన్ ద్వారా జరిగింది. ఆస్పత్రి కిటికీల్లోంచి కుడికంటికీ ఎడమకంటికీ కట్లున్న మనుషులు తొంగిచూశారు. అందరిలోకీ మెలకువగా ఉన్నది అత్తగారే.

టాక్సీ కోసం చూశాడు బాబాయి. వాన వాసన పడితే టాక్సీలు గట్టు మీది కప్పల్లా ఎటు దూకుతాయో ఎవరికీ తెలీదు. పోనీ ఆస్పత్రి లోపల కాసేపు కూర్చోబెడదామంటే గుమ్మం దగ్గర కాపలా మనిషి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "డిశ్చార్జి అయినవాళ్ళకి లోపల కుర్చీ లేదండీ. కావాలంటే మళ్ళీ జబ్బు పడి రండి." (అతను వెటకారంగా అనలేదు. దారి చూపించాడు.)

బాబాయి సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు.

"కప్పు తెరవడానికి ఒకటి నొక్కండి. మరింత తెరవడానికి రెండు నొక్కండి. తెరిచినందుకు మమ్మల్ని అభినందించడానికి మూడు నొక్కండి."

మూడు నొక్కితే మనిషి పలికింది. అభినందనలు అందుకోవడానికి మాత్రం అక్కడ మనుషులున్నారు.

"చెప్పండి సార్, మీ అభినందన ఏమిటి?"

"అమ్మా, కప్పు మూసుకోవట్లేదు."

"అది సమస్య కాదు సార్, అది స్థితి. సమ్మతి రాలేదు కదా."

"మా అత్తగారి కంటికి కట్టుంది తల్లీ. రెండు కళ్ళూ ఎలా తెరుస్తుంది?"

"కట్టు ఒక్క నిమిషం విప్పండి సార్."

"విప్పితే దుమ్ము పడి కన్ను పోతుందమ్మా!"

"దుమ్ము పడకూడదంటే కప్పు వేసుకోవాలి సార్. కప్పు వేసుకోవాలంటే కట్టు విప్పాలి. ఇదంతా ఆవిడ కంటి భద్రత కోసమే."

అంత మర్యాదగా చెబితే ఎవరైనా ఏమంటారు? కట్టున్నవారికి మినహాయింపు కూడా ఉందని ఆ అమ్మాయే చెప్పింది. షరతులన్నీ ప్రయాణికురాలు స్వయంగా చదివి కింద ఆమోదం నొక్కాలి.

"డాక్టరు చదవొద్దన్నాడమ్మా. అయినా ఎంతుంటాయి?"

"చివరిదాకా వెళ్ళినవాళ్ళెవరూ ఇంకా తిరిగి ఫోన్ చేయలేదు సార్."

బాబాయి ఫోన్ పెట్టేసి తల గోక్కున్నాడు. తలలో ఒక ఉపాయం మెరిసింది. సీట్లో మనిషి ఉంటేనే కదా సమ్మతి గొడవ! అత్తగారిని దింపి పక్కన నిలబెట్టాడు. బటన్ నొక్కాడు. కప్పు పెళ్ళికూతురి ముసుగులా వచ్చి బుద్ధిగా కూర్చుంది. బాబాయికి డేరా మొదటిసారి నిలబెట్టిన రోజు గుర్తొచ్చింది.

"రండి అత్తయ్యగారూ, గబుక్కున ఎక్కండి."

ఎక్కింది. తలుపు పడింది.

"హెచ్చరిక. సమ్మతి లేని వ్యక్తి కప్పు కింద ఉన్నారు. సమ్మతి లేకుండా ఎవరినీ కప్పు కింద ఉంచరాదు. ఆమెను విడిపిస్తున్నాం."

కప్పు లేచి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ ఊపుకి ముందు అద్దం మీది దుమ్మంతా లేచింది. అత్తగారు కొంగు కంటికి అడ్డం పెట్టుకుంది.

"నన్ను విడిపించినందుకు దానికేమైనా ఇవ్వాలా అల్లుడుగారూ?" అంది కొంగులోంచి. ఆ కొంగుని మాత్రం రెండు చేతులతోనూ అడ్డం పట్టి వదల్లేదు. ఆవిడకి ఎడమ కన్ను ముందునుంచీ అంతంతమాత్రం. ఇప్పుడు కట్టు కింద ఉన్నదే ఆవిడ చూపు.

ఇక డేరా మనిషికి తెలిసిన విద్య ఒకటే మిగిలింది. సీటు వెనక టార్పాలినూ తాళ్ళూ ఎప్పుడూ ఉంటాయి. ముందు అద్దం అంచునుంచి సీట్ల వెనక ఉండే ఇనప కమ్మీల దాకా లాగి, తలుపుల కిందుగా తాళ్ళు పోసి, ముడి మీద ముడి వేశాడు. నాలుగు మూలలూ తప్పెటలా బిగుసుకున్నాయి. అలాంటి డేరా ఊళ్ళో ఏ పెళ్ళికీ పడలేదు. అత్తగారు లోపల కూర్చుని, "బాగుంది, వంటవాళ్ళెప్పుడొస్తారు?" అంది.

బాబాయి బండి తీయబోయేసరికి ఇంజిను ఆగిపోయింది.

"అనుమతి లేని రెండో కప్పు గుర్తించబడింది. ఈ వాహనానికి ఒకే కప్పు మంజూరైంది. రెండో కప్పును రెండో అంతస్తుగా పరిగణించి, నిర్మాణం పరిశీలించుటకు అధికారిని పంపుతున్నాం."

అధికారి నిజంగానే వచ్చాడు, అదీ చెప్పలేనంత తొందరగా. (సంస్థ సాయానికి ఆలస్యం చేస్తుంది గానీ పరిశీలనకి చేయదు.) ఆయన క్షేత్రస్థాయి కప్పు పరిశీలకుడు. స్కూటరు మీద, రెయిన్‌కోటులో, తలకి హెల్మెట్టు, దాని మీద ప్లాస్టిక్ సంచీ. ముందు టార్పాలిన్ విప్పించాడు. తర్వాత బటన్ నొక్కి చూశాడు. అత్తగారిని దింపి చూశాడు, ఎక్కించి చూశాడు. ఒక్కోసారీ కప్పు మూసుకుంది, తెరుచుకుంది.

"అద్భుతంగా పనిచేస్తోంది" అన్నాడు.

"ఏం పనిచేస్తోంది సార్?"

"భద్రత."

"నాయనా," అంది అత్తగారు, "నువ్వు నెత్తి మీద రెండు కప్పులు పెట్టుకుని వచ్చావు. వాటికి ఎవరి సమ్మతి తీసుకున్నావు?"

పరిశీలకుడు కొంచెం ఇబ్బంది పడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మనుషుల విభాగంలో దారి లేదండీ. సామాను విభాగంలో చూద్దాం. సామానుకి సమ్మతి అక్కర్లేదు."

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "అత్తగారిని సామాను అని రాస్తే ఏం బాగుంటుంది సార్?"

"రాసుకోండి బాబూ, ఫర్వాలేదు" అంది అత్తగారు. "మా పెద్దాడి ఇంట్లో వంతు అవగానే మూట కట్టి మా రెండో అమ్మాయి ఇంటి ముందు దింపుతాడు. అక్కడ అవగానే వీళ్ళింటికి. ఎవరింట్లో పండగలాంటి పనున్నా, పరీక్షలున్నా, ఇంకొకరింటికి. ఇన్నాళ్ళూ నోటిమాటగా ఉంది. ఇవాళ యాప్‌లోకెక్కుతుంది, అంతేగా."

బాబాయికి ఉన్నట్టుండి టార్పాలిన్ మడతపెట్టే పని గుర్తొచ్చింది. వంగి చాలాసేపు మడతపెట్టాడు.

పరిశీలకుడు యాప్ తెరిచాడు. "పగిలే సామానా?"

"పగలగొట్టే సామాను" అంది అత్తగారే. "రాసుకో."

"బెల్టు ఉంది కాబట్టి కట్టిన సామాను కింద వస్తుంది. ఇంకో మాటండీ. లోపల మైకు ఉంటుంది. సామాను మాట్లాడిందంటే మళ్ళీ మనిషి కింద లెక్కవేసి కప్పు తీసేస్తుంది. ఇల్లు చేరేదాకా ఒక్క మాట కూడా రాకూడదు."

"దగ్గు?" అని అడిగాడు బాబాయి.

"దగ్గు ఫర్వాలేదు. సామాన్లలో అలాంటి చప్పుళ్ళు వస్తుంటాయి."

అత్తగారు సరే అన్నట్టు తలూపింది. కొంగు సర్దుకుని, కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది. ఎక్కడో దూరంగా ఉరిమింది. డాష్‌బోర్డు మీద పెద్ద చినుకొకటి పడి పగిలింది. బాబాయి కాలు బ్రేకు మీద, వేలు బటన్ మీద పెట్టాడు.

"సామాను నమోదైంది. ఒక్క ప్రశ్న. ఈ సామాను మీకు శాశ్వతమా, తాత్కాలికమా?"

స్క్రీన్ మీద రెండు గడులు వెలిగాయి. బాబాయి పరిశీలకుడి వైపు చూశాడు.

"మీ ఇష్టమండీ" అన్నాడు ఆయన, స్కూటరు మీది దుమ్ము తుడుచుకుంటూ. "శాశ్వతం నొక్కితే ఇంట్లోవాళ్ళందరి సమ్మతీ కావాలి. మీ భార్యదీ, పిల్లలదీ, మీదీ. తాత్కాలికానికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు."

ఇంకో చినుకు పడింది. అత్తగారు అల్లుడి వైపు తిరిగింది. ఉన్న కన్ను ఆయన వేలి మీద ఉంది. ఏదో అనబోయి నోరు తెరిచింది. మైకు సంగతి గుర్తొచ్చి మూసుకుంది.

బాబాయి తాత్కాలికం నొక్కాడు.

కప్పు ఇంకొక్క ప్రశ్న కూడా అడక్కుండా, మెత్తగా, సమంగా మూసుకుంది.