ఎర్రకారు సీటు ఎవరు జరిపారు?

“ఈ ఊళ్ళో నేరస్థులకున్న అదృష్టం ఒక్కటే. నేను మధ్యాహ్నం పూట కాసేపు నిద్రపోతాను. లేకపోతే వాళ్ళకి బతుకు లేదు,” అన్నాడు డేగ, నా కౌంటరు మీద చేత్తో తడుముతూ.

వాడి కళ్ళజోడు వాడి మోచేతి పక్కనే ఉంది. తీసి అందించాను.

డేగ అనేది వాడికి వాడే పెట్టుకున్న పేరు. నాది మందుల షాపు, వాడిది పక్కనే కళ్ళజోళ్ళ షాపు. ఊరందరికీ చూపు సరిచేసి పంపుతాడు గానీ, తన ముక్కు కింద ఉన్నది మాత్రం వాడికి కనిపించదు. అయినా తాను పుట్టుకతోనే అపరాధ పరిశోధకుడినని గట్టి నమ్మకం. ఇంతవరకు పట్టిన కేసులు రెండు. మొదటిది మాయమైన గొడుగు కేసు. వీధిలో ఇళ్ళన్నీ సోదా చేశాక గొడుగు వాడి చంకలోనే దొరికింది. రెండోది, పై వాటాలో అద్దెకున్నావిడ బాంబులు తయారుచేస్తోందని పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చిన కేసు. ఆవిడ చేస్తున్నవి సబ్బులు. పోలీసులు తలా ఒకటి కొనుక్కుని వెళ్ళారు.

అప్పుడే మా బావ నడుం పట్టుకుని షాపులోకి వచ్చాడు. మా అక్క భర్త, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. రోజూ వాడే ఆయింట్‌మెంట్ కోసమేమోనని తీయబోయాను.

“మందు తర్వాత. నా కారుని ఎవరో ఎత్తుకెళ్తున్నారు,” అన్నాడు గొంతు తగ్గించి.

“పోయిందా?”

“పోలేదు. తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి పెట్టేస్తున్నారు.”

డేగ స్టూలు మీంచి లేచాడు. “ఎత్తుకెళ్ళేవాడు దొంగ. తిరిగి తెచ్చి పెట్టేవాడు మహాదొంగ. బావగారూ, మీరు రావలసిన చోటికే వచ్చారు.”

“నేను మందుల షాపుకి వచ్చాను,” అన్నాడు బావ.

ఆ కారు గురించి కాస్త చెప్పాలి. ఎర్రటిది, రెండే సీట్లది, ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన రకం. నేలకి బల్లిలా అతుక్కుని ఉంటుంది. లోకంలో అందరూ కారు ఎక్కుతారు, ఈ కారులోకి మాత్రం దిగాలి. దిగాల్సి వచ్చినప్పుడు ఎక్కి బయటపడాలి. తాళం తిప్పితే ముందు దగ్గుతుంది, తర్వాత గొంతు సవరించుకుంటుంది, ఆ తర్వాత పాట ఎత్తుకుంటుంది. ఆ పాట వింటే వీధిలో నడిచేవాళ్ళు ఆగి చూడాల్సిందే. స్టీరింగు పట్టుకుంటే రోడ్డు మీది గులకరాయి కూడా చేతికి తెలుస్తుందంటాడు బావ. ఆ గులకరాయి నడుముకీ తెలుస్తుందంటుంది అక్క.

సగం ఏడాది రిపేరులో ఉంటుంది, మిగతా సగం రిపేరుకి సిద్ధమవుతూ ఉంటుంది. విడిభాగం ఏదైనా కావాలంటే ఏ దేశంలోనో ఏ ముసలాయన గోదాములోనో వెతికించాలి. నెలల తరబడి ఎదురుచూస్తే కుడివైపు అద్దానికి బదులు ఎడమవైపుది వస్తుంది. కింద ఆయిల్ కారుతుంది, పైన వాన కారుతుంది. అడిగితే బావ, “కారన్నాక కారదా?” అంటాడు. వంటింట్లో కడిగిన గిన్నెల మధ్య కార్బురేటర్ బోర్లించి ఉన్న ఇల్లు నేను చూసినంతలో అదొక్కటే.

చివరికి ఆ సీటూ, రాయిలాంటి ఆ క్లచ్చూ కలిసి బావ వెన్నుపూసని జరిపేశాయి. ఇక అందులో కూర్చోవద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. అప్పటినుంచి బావ దాన్ని నడపడం మానేసి తుడవడం మాత్రం చేస్తున్నాడు. అక్క పోరు పడలేక అమ్మేస్తానని మాటిచ్చాడు కూడా. ఊళ్ళో పళ్ళ డాక్టరు కొంటానన్నాడు, శనివారం మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తాడు.

“పొద్దున్నే నేను ఫిజియోథెరపీకి వెళ్తానా,” అన్నాడు బావ. “తిరిగొచ్చి బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంటోంది. పెట్రోలు తగ్గుతోంది. అమ్మేలోపు ఎవరైనా దాన్ని పాడుచేస్తే ఆ డాక్టరు నన్నంటాడు.”

“అక్కని అడిగావా?”

“అడిగాను. ‘దాని సంగతి నాకేం తెలుసు, అది పోయే రోజు కోసమే చూస్తున్నా’ అంది.”

ఆ సాయంత్రం ముగ్గురం బావ వాళ్ళింటి కారు షెడ్డుకి వెళ్ళాం. డేగ భూతద్దం తీసి కారు చుట్టూ పాకాడు, లోపలికి దిగాడు. దిగాక బయటికి రావడం తెలియక అక్కడి నుంచే దర్యాప్తు నడిపించాడు.

“సీటు బాగా ముందుకి జరిపి ఉంది. మీరు జరిపారా, బావగారూ?”

“నేను కూర్చుని నెలలైంది.”

“అయితే దొంగ పొట్టివాడు. సీటు మీద దిండుంది. అంటే దొంగకి మొలలు.” నా వైపు తిరిగాడు. “ఈ మధ్య నీ షాపులో మొలల మందు ఎవరెవరు కొన్నారు?”

“అది చెప్పకూడదురా.”

“సరే, ఇది చూడు.” కాళ్ళ దగ్గరనుంచి ఏదో తీసి పైకెత్తాడు. తలకి పెట్టుకునే పిన్ను. “తాళం తీసే సాధనం. అంతర్జాతీయ ముఠాలు వాడేది.”

అప్పుడే అక్క టీ కప్పులతో షెడ్డులోకి వచ్చింది. పిన్నుని చూసి ఒక్క క్షణం ఆగింది.

“అది నాదే,” అంది.

“చూశారా అక్కగారూ,” అన్నాడు డేగ జాలిగా. “కారు చాలక మీ పిన్ను కూడా దొంగిలించారు.”

అక్క కప్పులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నాకు ఎక్కడో పురుగు తొలిచింది. కానీ ఇన్నేళ్ళుగా ఆ కారుకి అక్క పెట్టిన శాపనార్థాలు గుర్తొచ్చి, ఛ, ఉండదులే అనుకున్నాను. డేగని చెరో చెయ్యీ పట్టి బయటికి లాగేసరికి టీ చల్లారిపోయింది.

మర్నాటికల్లా డేగ నేరస్థుడిని తేల్చేశాడు. పళ్ళ డాక్టరట.

“కారు మీద కన్నెవరిది? వాడిదే. కొనకముందే అనుభవిస్తున్నాడు.”

“ఆయన ఆరడుగుల మనిషిరా. నువ్వేమో పొట్టివాడన్నావు.”

“మోకాళ్ళు మడుచుకుని నడుపుతున్నాడు. పొట్టివాడిగా మారువేషం,” అన్నాడు.

నిఘా కోసం రోగిలా క్లినిక్కుకి వెళ్ళాడు. నా నోట్లోంచి ఒక్క మాట కూడా రాబట్టలేడు చూడు అని ఛాలెంజి చేసి మరీ వెళ్ళాడు. డాక్టరు రాబట్టింది మాట కాదు, పన్ను. కుర్చీలో కూర్చోగానే నోరు తెరవమన్నాడట. తెరిచాక వెనకాల ఒకటి పుచ్చి ఉందన్నాడట. బుగ్గ బూరెలా వాచి, నోట్లో దూదితో తిరిగొచ్చాడు డేగ.

“వాహు నేహస్హుహు కాహు,” అన్నాడు. వాడు నేరస్థుడు కాదని నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. పన్ను అంత బాగా పీకేవాడికి దొంగతనం చేయాల్సిన అవసరం లేదని కాగితం మీద రాసి చూపించాడు.

ఇక మిగిలింది శనివారం పొద్దున్న ఒక్కటే. డేగ ఆఖరి వ్యూహం పన్నాడు. తాను డిక్కీలో దాక్కుంటాడు. నేను వీధి చివర నా కారులో కాపు కాయాలి. బావ ఏమీ తెలియనట్టు ఫిజియోథెరపీకి వెళ్ళాలి. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు వాడిని స్పేరు టైరు చుట్టూ చుట్టి డిక్కీ మూశాను. తుప్పు పుణ్యమా అని గాలికి లోటు లేదు.

బావ వెళ్ళిన కాసేపటికి షెడ్డు తలుపులు తెరుచుకున్నాయి. లోపలినుంచి దగ్గు వినిపించింది. తర్వాత గొంతు సవరించుకోవడం, ఆ తర్వాత పాట. ఎర్రకారు మెల్లగా వీధిలోకి వచ్చింది. స్టీరింగు వెనక మా అక్క. తలకి గుడ్డ కట్టుకుంది. పెదవి పంటికింద పెట్టుకుని, చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడు పెట్టే మొహం పెట్టుకుంది.

వెంటనే నా కారు తీశాను. ఆ ఎర్రమ్మ వెనక నా బండి పందెం గుర్రం వెనక గాడిదలా పరిగెత్తింది. మలుపు దగ్గర ఫిజియోథెరపీ క్లినిక్కు మెట్లు దిగుతున్నాడు బావ. తన కారు తన ముందునుంచే దూసుకుపోతుంటే అలాగే నిలబడిపోయాడు. నేను ఆపి ఎక్కించుకున్నాను.

“అది మీ అక్కేనా?”

“అవును.”

ఊరు దాటాక కొండ రోడ్డు మొదలైంది. ఎర్రకారు ఒక్కో మలుపులోకి వంగి, మళ్ళీ నిలువుగా లేచి, పైకి పోతూనే ఉంది. బావ తిట్టబోతున్నాడని నేను చెవులు సిద్ధం చేసుకున్నాను.

“చూశావా,” అన్నాడు చివరికి. “మలుపుకి ముందే వేగం తగ్గించింది. మలుపులో బ్రేకు తొక్కలేదు.”

“కోపంగా లేదా బావా?”

“ఉంది. నువ్వు కాస్త తొందరగా పోనీ.”

అయినా అందుకోలేకపోయేవాళ్ళమే. అదృష్టవశాత్తూ, ఆ పాతకార్లకి పెట్రోలు పంపు డిక్కీలో ఉంటుందట. మలుపుకో దెబ్బ తింటూ, ముఠా తనని సరిహద్దులు దాటిస్తోందని బెంబేలెత్తిన డేగ, చేతికందిన వైరు పట్టుకుని వేలాడాడు. వైరు ఊడి చేతికొచ్చింది. కారు రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి, కొండ మీద రోడ్డు పక్కన ఆగిపోయింది.

మేం చేరేసరికి అక్క బానెట్ ఎత్తి లోపలికి వంగి ఉంది. మమ్మల్ని చూసి నిటారుగా నిలబడింది. చేతులు మసిగా ఉన్నాయి. డిక్కీలోంచి దబదబ చప్పుడు వస్తోంది.

“ఇంజన్లో ఎప్పుడూ రాని చప్పుడు వస్తోంది,” అంది అక్క, ముందు ఆ సంగతే.

నేను డిక్కీ తెరిచాను. ఒంటినిండా గ్రీజుతో, చేతిలో వైరుతో డేగ లేచి నిలబడ్డాడు. అక్కనీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. వాపు కొంత తగ్గింది, మాటలు తెలుస్తున్నాయి.

“దొంగ పారిపోయాడన్నమాట,” అన్నాడు. “అక్కగారు ఒంటరిగా వాడిని తరిమి కారుని కాపాడారు.”

బావ అక్క వైపే చూస్తున్నాడు.

“ఎన్నాళ్ళనుంచి?”

“మీరు అమ్మేస్తానని మాటిచ్చిన మర్నాటినుంచి,” అంది అక్క. “ఇన్నేళ్ళు నన్ను ఏడిపించింది కదా, పోయేముందు ఇందులో ఏముందో ఒక్కసారి చూద్దామనుకున్నా. ఒక్కసారే.”

“మరి?”

“ఒక్కసారితో ఆగలేకపోయా.”

“నాతో చెప్పొచ్చు కదా.”

“ఏ మొహం పెట్టుకుని చెప్పను? దీన్ని పాత ఇనుముకి వెయ్యమన్నదాన్ని నేనే. ఇవాళే ఆఖరిసారి అనుకుని వచ్చా.” చేతులు పమిటకి తుడుచుకోబోయి ఆగింది. “పోనీ, మీరైనా ఎప్పుడన్నా చెప్పారా ఇది ఇలా ఉంటుందని? ఆయిల్ గురించి చెప్పారు, గాస్కెట్ గురించి చెప్పారు. ఆ మలుపు తిరిగినప్పుడు కడుపులో ఏదో లేచినట్టుంటుందని చెప్పలేదు.”

బావ కాసేపు కారుని చూశాడు.

“రెండో గేరు ఎలా పడుతోంది నీకు?”

“మొదట్లో పళ్ళు నూరేది. వేడెక్కేదాకా దాని జోలికి పోను. ఒకటిలోంచి మూడుకే వెళ్ళిపోతా.”

“అది తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది,” అన్నాడు బావ. ఆయన గొంతులో ఉన్నది కోపమో అసూయో నాకు తెలియలేదు. రెండూ కావేమో.

నడుం వంగదు కనుక ఆయన నిలబడి చెప్తుంటే అక్కే డిక్కీలోకి వంగి వైరు బిగించింది. ఇంతలో పళ్ళ డాక్టరు ఫోను. మధ్యాహ్నం వస్తున్నానని చెప్పాడు.

“రావద్దండీ,” అన్నాడు బావ. “నడిపేవాళ్ళు దొరికారు.”

అక్క వైరు దగ్గరనుంచి తల తిప్పలేదు. కానీ ఆవిడ చెవులు ఎర్రబడడం నేను చూశాను.

డ్రైవరు పక్క సీటులో బావ ఏనాడూ కూర్చోలేదు. నడుం డాక్టరు వద్దన్నాడని గుర్తుచేస్తే, వద్దన్నది నడపడమే అన్నాడు. అబద్ధం. నేనూ డేగా చెరో పక్కా పట్టి ఆయన్ని అందులోకి దింపాం. కారు దగ్గింది, గొంతు సవరించుకుంది, కొండ దిగువకి వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో డేగ నా పక్కన కూర్చుని, ఈ కేసుకి మీసాల ముఠా అని పేరు పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. ఇందులో మీసాలు లేవు, ముఠా లేదు అన్నాను. అందుకే ఎవరూ పట్టుకోలేకపోయారన్నాడు. సాయంత్రానికల్లా తాను కారు వేగాన్ని లోపలినుంచే బంధించి నిజం బయటపెట్టిన వైనం వీధంతా చెప్పేశాడు. అందులో అబద్ధం లేదు కనుక నేను కాదనలేకపోయాను.

అంతకుముందే, మేం ఊళ్ళోకి వచ్చిన కాసేపటికి అక్క ఫోను చేసింది.

“ఒరే తమ్ముడూ, మళ్ళీ ఆగిపోయిందిరా. ఈసారి వైరు కాదు, ఏదో విరిగింది. ఊరికి అవతల చెరువు మలుపు దగ్గరున్నాం. లాగడానికి తాడు పట్టుకుని రా.”

“ఇప్పుడే బయల్దేరుతున్నా. బావ ఏమంటున్నాడు?”

“ఏమీ అనట్లేదు. రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాం. ఇందాక కొండ ఎలా ఎక్కానో మొదటి మలుపునుంచీ చెప్పమంటున్నారు.” కాస్త ఆగి, గొంతు తగ్గించింది. “నిదానంగా రా. తొందరేం లేదు.”