కుంకుమ పెట్టిన రాయి

బుధవారం పొద్దున హిందూపురంలో కారెక్కే ముందు ఎమ్మెల్యే చెన్నకేశవులు చేత భార్య రామలక్ష్మమ్మ ఒట్టు వేయించుకుంది. కూతురు నాగజ్యోతి నిశ్చితార్థానికి ధర్మవరం పోయి పట్టుచీర కొనాలి. పన్నెండుకు రాహుకాలం, ఆలోపలే చీర చేతిలో పడాలి. అనుచరులు వద్దు, గన్‌మెన్ వద్దు, కారు ఆయనే నడపాలి.

“ఇదో, సెప్తాండా. ఈ పొద్దు ఎమ్మెల్యే వద్దు. బిడ్డకు నాయనొక్కడే రావల్ల.”

“వస్తాండా కదా! యాడా దిగను, సరేనా?” అన్నాడు చెన్నకేశవులు.

ఆ మాట ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా సగం జీవితం కాలువల వాలు చూసి, ఆ ఉద్యోగం వదిలేసి ఎన్నికల్లో నిలబడి గెలిచిన మనిషాయన. ఉద్యోగమైతే వదిలాడు గానీ జేబులో టేపు వదల్లేదు. శాసనసభలో ఆయన వాలు గురించి మొదలుపెడితే సొంత పార్టీవాళ్లే టీకి లేచిపోయేవారు. కూతురు పదో తరగతి బహుమతి అందుకున్ననాడు ఆయన ఏదో చెక్‌డ్యాం మీద ఉన్నాడు. పట్టా అందుకున్ననాడు ఏదో తూము కింద ఉన్నాడు. ఈ ఒక్క చీరకైనా నాయన పక్కన కూర్చోవాలని నాగజ్యోతి ఆశ. ఆ పిల్ల పైకి అనలేదు, కానీ ఆయనకు తెలుసు.

పెనుకొండ దగ్గర టీ తాగుదామన్నది రామలక్ష్మమ్మే. ఆ పొద్దు ఆమె చేసిన తప్పు అదొక్కటే. నరసక్క టీకొట్టు ముందు కొత్తగా కట్టిన మురుగుకాలువ ఉంది. టీ కంటే ముందు ఆయన చూపు దాని మీద పడింది.

“ఏం చూస్తాండావప్పా? వానొస్తే మోరీ నీళ్లన్నీ నా కొట్లోకే. కట్టినోడికి కండ్లు లేవు,” అంది నరసక్క, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియక.

“ఒక్క నిమిషం,” అన్నాడు చెన్నకేశవులు. కారులో తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సీసాలో నీళ్లు కాలువలో పోశాడు. అవి కాస్త దూరం పోయి, తిరిగి ఆయన కాళ్ల దగ్గరికే వచ్చాయి. టేపు తీసి కొలిచాడు. వాలు తప్పిన చోట రాయి ఒకటి నిలబెట్టాడు. గుర్తు పెట్టడానికి సుద్దముక్క లేదు. కొత్త చీరకు పెట్టడానికి తెచ్చిన కుంకుమ భరిణె కారులో కనిపించింది. వేలు ముంచి రాయి మీద పైనొకటి, కిందొకటి గుర్తులు పెట్టాడు.

ఆ ప్రాంతంలో ఎమ్మెల్యే అనేవాడు రాయి నిలబెట్టి, నీళ్లు పోసి, కుంకుమ పెడితే దానికి ఒకటే అర్థం. అటుగా బండి మీద పోతున్న వార్డు నాయకుడు దాసప్ప అది చూసి గుండెలు బాదుకున్నాడు.

“అన్న మనకు చెప్పకుండానే శంకుస్థాపన చేస్తాండాడు! బిర్నా రాండప్పో!” అని ఫోన్లో కేక పెట్టాడు.

చూస్తుండగానే షామియానా లేచింది. డప్పులు వచ్చాయి. పూజారి వస్తూనే కొబ్బరికాయ కొట్టేశాడు. ఇంతకీ కట్టేది ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే తనకు తెలియదని బయటపడుతుంది కదా! అందుకే ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. ఒకరు ఆసుపత్రి అన్నారు, ఇంకొకరు బస్టాండు అన్నారు. తమకు రావాల్సిన కాలేజీ ఇక్కడికి తన్నుకుపోతున్నారని మడకశిర నుంచి జీపు నిండా జనం దిగి నినాదాలు మొదలుపెట్టారు.

“అప్పా, నేను మోరీ వాలు చూస్తాండానంతే!” అని మొత్తుకున్నాడు చెన్నకేశవులు.

“ఎంత పెద్ద పని చేసినా ఎంత చిన్నగా చెప్తాండాడో చూడండప్పా!” అన్నాడు దాసప్ప. జనం చప్పట్లు కొట్టారు.

పదకొండు దాటింది. మెడలో దండలు గడ్డం దాకా వచ్చాయి. కారు ముందు ట్రాక్టరు, వెనక జీపు. నాగజ్యోతి కారు అద్దంలోంచి ఒకసారి నాయన్ను, ఒకసారి చేతి గడియారాన్ని చూస్తోంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

అప్పుడు ఇంకో కారు ఆగింది. అందులోంచి ధర్మవరం చీరల వ్యాపారి హనుమంతప్ప దిగాడు. వీళ్లు పోవాల్సింది ఆయన అంగడికే.

“సారూ! పెనుకొండలో పట్టుచీరల మార్కెట్టు కడ్తాండారంట కదా! మొదటి అంగడి నాకే ఇయ్యల్ల. మీరెట్లా రాలేరని తెలిసి, పాప కోసం తీసిపెట్టిన మూట కూడా ఎత్తుకొచ్చినా!”

చెన్నకేశవులు ఆయన్ను గట్టిగా కావలించుకున్నాడు. హనుమంతప్ప అంగడి ఖాయమనుకున్నాడు. షామియానా కింద జంపఖానా మీద చీరలు పరిచారు. నాగజ్యోతి కిందికి దిగి నాయన పక్కనే కూర్చుని, కుంకుమరంగు అంచున్న చిలకపచ్చ చీర భుజాన వేసుకుంది.

“నాయనా, ఎట్లుండాది?”

“అంచు ఆ కొస దగ్గర కొంచెం...” అంటూ ఆయన చెయ్యి జేబులోకి పోయింది. రామలక్ష్మమ్మ దగ్గింది. చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

“శానా బాగుండాది తల్లీ,” అన్నాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. నాగజ్యోతి నవ్వింది. రాహుకాలం ఇంకా రాలేదు.

తర్వాత ఆయన మైకు అందుకుని, కట్టేది మార్కెట్టు కాదు, కాలేజీ కాదు, ఈ మోరీనే పగలగొట్టి మళ్లీ కడతామని ప్రకటించాడు. డప్పులు ఆగిపోయాయి. మడకశిరవాళ్లు సంతోషంగా జీపెక్కారు. చప్పట్లు కొట్టింది నరసక్క ఒక్కతే. హనుమంతప్ప ముఖం వాడిపోయింది గానీ, మూటలో మిగిలిన చీరలు అక్కడి ఆడవాళ్లే కొనేయడంతో తేరుకున్నాడు.

వానాకాలానికి ముందే కాలువ మళ్లీ కట్టారు. నరసక్క కొట్లోకి ఇప్పుడు చుక్క నీరు రావడం లేదు. అయితే పసుపు, పూలదండ కూడా చేరిన ఆ రాయిని కదిలించడానికి కూలీలు ససేమిరా ఒప్పుకోలేదు. అందువల్ల కాలువ దాని చుట్టూ తిరిగి పోతుంది. ఆ దారిన పోయినప్పుడల్లా చెన్నకేశవులు కారు నెమ్మదిస్తుంది, రామలక్ష్మమ్మ కుంకుమ భరిణె ఒళ్లోకి లాక్కుంటుంది.