ఆల్బుఖరా ఆదివారం

ఆదివారం పూట పేకాటకి రావడం లేదేమని అందరూ నన్నే అడుగుతున్నారు. మోకాళ్ళ నొప్పని చెప్పాను, ఒక్కరూ నమ్మలేదు. సరే, కుర్చీలు దగ్గరికి లాక్కోండి, అసలు సంగతి చెబుతాను. అది ఈ బల్ల దాటి పోకూడదు. పోయినా పెద్దగా నష్టం లేదనుకోండి, మా వీధికి సగం తెలిసే ఉంటుంది.

నా పొట్ట గొప్పతనం మీకు కొత్త కాదు. రాళ్ళు తిని హరాయించుకుంటానని ఇదే కాఫీ హోటల్లో ఎన్నిసార్లు చరిచి చూపించానో. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో నా శాసనం ఒకటే. మాంసం, రొట్టె, పుదీనా చాయ్. పళ్ళూ ఆకులూ మేకలకి. మా ఆవిడ యామ్నా ఎప్పుడైనా పొయ్యి మీది మట్టి తాజీన్‌లో మాంసంతో పాటు ఎండు ఆల్బుఖరాలు వేస్తానంటే, "మాంసంలో తీపి వేసేవాళ్ళు రేపు చాయ్‌లో ఉప్పు వేస్తారు" అనేవాణ్ణి. అనగా అనగా అది మా ఇంటి సామెత అయి కూర్చుంది.

పోయిన చలికాలం ఆ రాళ్ళు తినే పొట్ట సమ్మె కట్టింది, తిన్నది లోపలికే గాని బయటికి లేదు. రేపు దారికొస్తుందిలే అనుకున్నాను. రేపు వచ్చింది గాని అది రాలేదు. వారం తిరిగేసరికి నమాజులో వంగితే, లేవడానికి పక్కవాడి భుజం పట్టుకోవలసి వచ్చింది.

పెళ్ళాంతో చెప్పుకోవచ్చుగా అంటారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? "మేకల తిండి కాస్త పెట్టవే" అని ఒక్కసారి అడిగితే, ఇన్నేళ్ళ నా శాసనం పొయ్యిలోకి పోతుంది. ఆ తర్వాత నేను ఉప్పు తక్కువైందన్నా వినేదెవరు?

దొంగతనంగా ఎండుపళ్ళ కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టువాడు యామ్నాకి పిన్ని కొడుకు. "రా బావా. ఆల్బుఖరానా, అంజూరానా? ఎవరికి?" అన్నాడు. ఆ "ఎవరికి" దగ్గర నా ధైర్యం జారిపోయింది. "అరటిపళ్ళు కావాలి" అన్నాను. అవి తన దగ్గర ఉండవని, ఎదురు బండి చూపించాడు. పచ్చి తగ్గని పళ్ళు అర డజను కొని దారిలోనే మింగేశాను. ఉన్న తాళానికి అవి గొళ్ళెం కూడా బిగించాయి.

అప్పుడు వేశాను పథకం. ఆల్బుఖరా తాజీన్ చుట్టాలకి చేసే వంట. చుట్టాల ముందు ఇంటాయన తినకపోతే మర్యాద కాదు. అంటే నేను అడగక్కర్లేదు, ఓడిపోనక్కర్లేదు, మర్యాద కోసం ప్రాణత్యాగం చేస్తున్నవాడిలా మొహం పెట్టి కడుపారా తినొచ్చు. ఎవర్ని పిలవాలా అని ఆలోచించాను. మిమ్మల్ని పిలిస్తే కూర్చున్న తీరు చూసే కనిపెట్టేస్తారు. ఇక మిగిలింది మా అత్తవారు.

వాళ్ళకి నేను పెట్టిన పేరు మిడతల దండు. మీకూ తెలుసు.

"యామ్నా, ఆదివారం మీ అమ్మనీ, అన్నయ్యనీ భోజనానికి పిలుద్దామా?"

రొట్టెల పిండి పిసుకుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఎవరమ్మని?"

"మీ అమ్మనే."

"మిడతల దండునా?"

"ఛ, పెద్దావిణ్ణి పట్టుకుని అదేం మాట?"

"ఆ మాట మీదే." పిండి చేత్తోనే నా నుదురు తాకి చూసింది. "జ్వరమైతే లేదు. సరే, ఏం వండమంటారు? నిమ్మ ఊరగాయ వేసి కోడి చేస్తాను."

"కోడెందుకు? అదేదో చేస్తావే, నల్లటి పళ్ళేవో వేసి. మీవాళ్ళకి అదంటే ఇష్టం కదా."

"మాంసంలో తీపి వేసేవాళ్ళు..."

"ఒక్కపూటకి సర్దుకుంటానులే. నీ వాళ్ళ కోసం."

యామ్నా ఒక్క క్షణం నన్నే చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటు తిరిగి తలగుడ్డ అంచుతో ఒత్తుకుంది, భుజాలు కూడా కదిలాయి. ఇన్నేళ్ళకి ఆమె పుట్టింటివాళ్ళని పిలిచింది నేను కాదు, నా పొట్ట. చెప్పలేనంత సిగ్గేసింది. కాని సిగ్గు కంటే పొట్టే బరువుగా ఉంది, ఊరుకున్నాను.

ఆదివారం వచ్చారు. బావ మీలూద్, భార్య, పిల్లలు, అందరికంటే ముందు మా అత్తగారు హాజ్జా రక్కూష్. ఆవిడకి చెవుడు. లోకానికంతా చెవుడేనని ఆవిడ నమ్మకం. ఆవిడ గుసగుసలాడితే మా వీధి చివర గాడిద చెవులు రిక్కిస్తుంది.

తాజీన్ మూత తీశారు. దాల్చినచెక్క వాసన, పైన నువ్వులు, మధ్యలో మాంసం, చుట్టూ నిగనిగలాడే ఆల్బుఖరాలు. నా వైపు ఉన్న దాని మీదికి చెయ్యి చాపాను.

"పెద్దావిడ వైపు జరపండి" అంది యామ్నా.

మన పద్ధతి నేను మీకు చెప్పాలా? ఒకే పళ్ళెం, ఎవరి వైపు వాళ్ళు తినాలి, మంచివన్నీ ఇంటాయన అతిథుల వైపు జరపాలి. పథకం వేసినప్పుడు ఈ సంగతి ఎందుకు తట్టలేదో ఆ పైవాడికే ఎరుక. రొట్టె ముక్కతో నా ప్రాణాన్ని నేనే అత్తగారి వైపు నెట్టాను. రెండోది బావ వైపు. మూడోది నెడుతుంటే ఏడుపొచ్చింది.

అంతలో అత్తగారు తన ముందున్నవన్నీ పోగు చేసి నా వైపు తోసింది. "తిను నాయనా బూషాయిబ్."

"ఇవి కూడా బావా" అని మీలూద్ తనవి జరిపాడు. ఆయన భార్య జరిపింది. ఆఖరికి పిల్లలు కూడా, తల్లి కన్నెర్ర చూసి, తమవి జరిపారు. నా ముందు ఆల్బుఖరాల గుట్ట లేచింది. ఎంత గౌరవం, ఇలాంటి మనుషుల్నా మిడతలన్నాను అని నా మనసు కరిగిపోయింది. నాకు ఇష్టం లేదు సుమా, మీ కోసమే అంటూ, పులుసుతో సహా గుట్ట ఖాళీ చేశాను. యామ్నా గ్లాసు మీద గ్లాసు నీళ్ళు పోస్తూనే ఉంది.

చాయ్ రెండో గ్లాసులో ఉండగా లోపల ఏదో బండి బయలుదేరింది. "చేతులు కడుక్కొస్తాను" అని లేచాను. మా ఇంట్లో మరుగుదొడ్డి చుట్టాల గదికి ఆనుకునే ఉంటుంది. కట్టినవాడికి బుద్ధి లేదు, కట్టింది మా నాన్న.

తలుపు వేసుకున్నాను. పక్క గదిలో మాటలు ఠక్కున ఆగిపోయాయి. పిల్లల గోల కూడా లేదు. మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ ఎరగను.

అప్పుడు అత్తగారి గుసగుస వినిపించింది. "కదిలిందా?"

"అమ్మా, మెల్లగా."

"మెల్లగానే అడుగుతున్నానే. కదిలిందా అని."

"ఇంకా లేదనుకుంటాను" అన్నాడు మీలూద్.

నేల చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. అందరికీ తెలుసు. పళ్ళు జరిపింది గౌరవంతో కాదు, జాలితో. ఈ జన్మకి ఇక్కణ్ణుంచి బయటికి రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కాని అంతకాలం మొండికేసిన పొట్ట నా ఒట్టు కోసం ఆగలేదు.

బకెట్ నీళ్ళు గుమ్మరించాను. చెవి పక్కన తపేలా పడినా వినపడని మనిషికి ఆ నీళ్ళ చప్పుడు మాత్రం వినపడింది. నాలుక ఆడిస్తూ పెళ్ళిళ్ళలో పెట్టే కూత ఒకటి పెట్టింది. యూయూయూ అని గోడలు అదిరాయి. ఆ కూత వింటే మన ఆడవాళ్ళ నాలుక ఊరుకోదు కదా, మీలూద్ భార్య కూడా అందుకుంది.

ఆ కూత లేచిందంటే శుభకార్యమే. నేను తలుపు తీసేసరికి వీధి తలుపు కూడా తెరుచుకుంది. పక్కింటి తామూ, మేము వీధి రేడియో అంటాం, శుభకార్యాలకి ఇచ్చే, నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ చంకలో పెట్టుకుని వచ్చింది. వెనక ఇంకో ఇద్దరు, ఇంకో రెండు దిమ్మలు.

"ముబారక్, ముబారక్. ఏమిటి శుభవార్త? మీ ఆయనకి హజ్ లాటరీలో పేరొచ్చిందా?"

"పేరు కాదమ్మా" అని అత్తగారు అందుకుంది. "వారం నుంచీ రానిది..."

"అమ్మా, చాయ్ తాగు" అని యామ్నా గ్లాసు ఆవిడ నోటికే అడ్డం పెట్టింది. తర్వాత తువ్వాలు ఇచ్చే వంకతో నా పక్కకొచ్చింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాను గొంతు దించి.

"మొదటి రోజు నుంచీ. మీ మూలుగు వంటింట్లోకి వినపడుతుంది. అడిగితే మర్నాడే నానబెట్టి పెట్టేదాన్ని. నోరు తెరుస్తారేమో అని చూశాను."

"మరి ఆ రోజు ఏడ్చావుగా?"

"నవ్వు ఆపుకుంటే కళ్ళల్లో నీళ్ళు రావా? ఇప్పుడు చెప్పండి. తామూకి నిజం చెప్పనా?"

"వద్దు."

"మరి?"

"నీ ఇష్టం. నువ్వేం చెబితే అదే."

ఆమె తీరిగ్గా తలగుడ్డ సర్దుకుని అటు తిరిగింది. "మా ఆయన ఇక నుంచీ ప్రతి ఆదివారం మా పుట్టింటివాళ్ళని భోజనానికి పిలుస్తానన్నారు. అమ్మ సంతోషం పట్టలేకపోయింది. అంతే కదండీ?"

"అంతే" అన్నాను.

తామూ కళ్ళు తుడుచుకుంది. "ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడే" అని తనూ ఒక కూత పెట్టింది.

వెళ్ళేటప్పుడు మీలూద్ నన్ను కౌగిలించుకున్నాడు, నా పొట్ట నొక్కకుండా జాగ్రత్తగా. "వచ్చే ఆదివారం అంజూరాలు నేను తెస్తాను బావా" అన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పళ్ళెంలో మాంసం అలాగే ఉండిపోయిందని అప్పుడు చూశాను. నా మొహం చూస్తూ వాళ్ళు సరిగ్గా తిననే లేదు. మిడతల దండు మా ఇంటి నుంచి ఆకలితో వెళ్ళింది. తల ఎత్తి సాగనంపలేకపోయాను.

వాళ్ళు వెళ్ళాక యామ్నా నాకొక గ్లాసు చాయ్ పోసి ఎదురుగా కూర్చుంది. ఒక గుక్క తాగాను. ఉప్పు.

ఆమె వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తోంది.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది" అన్నాను.

ఇంకో గ్లాసు పోసింది.