కమిషనర్ గారి ముప్పై రోజుల హోటల్ దీక్ష

“ప్రజలు ఎక్కడుంటే నేనూ అక్కడే! ఈ క్షణం నుంచి ముప్పై రోజుల పాటు ఈ హోటలే నా ఇల్లు. ఇక్కడి బతుకులోని లాభనష్టాలు స్వయంగా అనుభవించి, నివేదిక రాసి, చరిత్ర చేతిలో పెడతాను!”

ఆగస్టు మొదటి సోమవారం పొద్దున, చెత్త డబ్బాలు ఫోటోలో పడని చోటు చూసుకుని, మా పెల్హామ్ కౌంటీ జనం ఎన్నుకున్న కమిషనర్ రాండల్ హచెన్స్ గారు మా హోటల్ పార్కింగ్ స్థలంలో చేసిన ప్రకటన ఇది. మర్నాడు అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఆయన పక్కన మైకు పట్టుకుని నిలబడ్డ మనిషి చెయ్యి కూడా వచ్చింది. ఆ చెయ్యి నాదే.

నా పేరు ఎర్ల్. హైవే పక్కనున్న ఈ హోటల్లో ఆరేళ్లుగా ముందు కౌంటర్లో కూర్చుంటున్నాను. ఆ మహనీయుడి దీక్షను మొదటి నుంచి చివరి దాకా కళ్లారా చూసిన వాణ్ణి కాబట్టి, పత్రికల్లో రాని నాలుగు ముక్కలు పాఠకులకు విన్నవించుకోవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మాది ఒకటి రెండు రోజులు ఉండి పోయే హోటల్ కాదు. ప్రతి గదిలోనూ రెండు పొయ్యిలు, ఒక ఫ్రిజ్, ఒక సింకు ఉంటాయి. అద్దె ఇల్లు ఎవరూ ఇవ్వని వాళ్లు ఇక్కడ నెలలూ ఏళ్లూ ఉంటారు. పొద్దున్నే స్కూలు బస్సు మా గేటు ముందే ఆగుతుంది.

చిక్కల్లా ఒక్కటే. మా దగ్గరి చట్టం ప్రకారం, ఎవరైనా ఎడతెగకుండా ముప్పై రోజులు ఒకచోట ఉంటే, వాళ్లు అక్కడి నివాసులైపోతారు. కోర్టుకు వెళ్లకుండా వాళ్లను బయటికి పంపడం కుదరదు. అందుకని మా మేనేజర్ ఇరవై తొమ్మిదో రోజు పదకొండు గంటలకల్లా గది ఖాళీ చేయిస్తాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ రానిస్తాడు. మధ్యలో ఆ ఒక్క రాత్రీ ఎక్కడుంటారన్నది మా నిబంధనల్లో లేదు. చాలామంది సూపర్‌మార్కెట్ ముందు కార్లో పడుకుంటారు. “రేపు మీ రోజండీ” అని ముందురోజు ఫోన్ చేసేది నేనే. గొంతు మెత్తగా ఉంటుందని మేనేజర్ ఆ పని నాకు అప్పగించాడు.

ఈ పద్ధతి మాన్పించమని 216లో ఉండే డెలోరిస్ గది గదికీ తిరిగి ఎనభై నాలుగు సంతకాలు పెట్టించి కౌంటీ ఆఫీసులో ఇచ్చింది. ఆమె వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తుంది. కూతురు నియాకు తొమ్మిదేళ్లు, ఉబ్బసం. రాత్రిపూట మందు పీల్చే యంత్రం ప్లగ్గుకు పెట్టి పడుకుంటుంది. ఆ అర్జీ చూసి కమిషనర్ గారు చలించిపోయారు. “అధ్యయనం చేయకుండా నిర్ణయం తీసుకుంటే పేదవాళ్లను అవమానించినట్టే” అన్నారు. అలా ఈ దీక్ష మొదలైంది.

అధ్యయనానికి 214, 216 గదులు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. మధ్య తలుపు తీయించాం. డెలోరిస్‌కు కింద లాండ్రీ పక్కన 109 ఇచ్చాం.

“అంటే ఎర్ల్, మా కష్టాలు చూడ్డానికొచ్చినాయన కోసం మేం గది ఖాళీ చెయ్యాలా?” అంది ఆమె, రెండు చేతులా సంచులతో.

“ఒక్క గదిలో అధ్యయనం పట్టదటమ్మా.”

“ఆ లాండ్రీ ఆవిరికి నా పిల్లకి ఊపిరాడదు బాబూ.”

“ఆ మాట కమిషనర్ గారితోనే చెప్పండి. వినడానికే వచ్చారాయన.”

ఆయన నిజంగానే విన్నారు. మర్నాడు ఫలహారాల గదిలో వాఫుల్ అట్లు కాల్చే పెనం దగ్గర అందరితోపాటు వరసలో నిలబడ్డారు, ముందు. ఆయన సహాయకురాలు కోర్ట్నీ ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని రెండు గళ్లు గీసింది. ఒకటి లాభాలు, ఇంకోటి నష్టాలు.

“చెప్పమ్మా, మొహమాటపడకు” అన్నారు ఆయన.

“ఇరవై తొమ్మిది రోజులకోసారి సామానంతా మూట కట్టి కార్లో వేసుకోవాలి సార్. మూడేళ్లుగా ఇదే పని.”

“ఎంత మంచి అలవాటు! నా గరాజు సర్దమని మా ఆవిడ పదకొండేళ్లుగా పోరుతోంది. నావల్ల కావడంలేదు. కోర్ట్నీ, రాసుకో.”

“ఏ గడిలో సార్?”

“లాభాలు. ‘అనవసరపు సామాను పేరుకోదు.’”

“కార్లో పడుకోవాలి సార్, పిల్లతో” అంది డెలోరిస్.

“తల్లీ కూతుళ్ల మధ్య దగ్గరితనం. అదీ రాసుకో.”

డెలోరిస్ పళ్లెం చేతిలోనే పట్టుకుని ఆయన్నే చూసింది. తరవాత నావైపు చూసింది. నేను నారింజ రసం నిండుకుందేమో చూడ్డానికి లోపలికి వెళ్లాను.

అలాగని ఆయన నష్టాలు పట్టించుకోలేదని ఎవరూ అనుకోకూడదు. వరండాలో ఐసు యంత్రం మోత పెడుతోందని తొలిరోజే కనిపెట్టారు. నాలుగో రోజుకల్లా కౌంటీ అత్యవసర తీర్మానం చేసి, దాన్ని అక్కణ్ణించి తీయించి కింద లాండ్రీలోకి చేర్చింది. లాండ్రీ పక్క గది ఎవరిదో పాఠకులకు ముందే చెప్పాను.

రెండో వారంలో ఆయన సామాన్యుడిలా తన పొయ్యి మీద తానే బేకన్ మాంసం వేయించుకున్నారు. పొగకు హోటలంతా ప్రమాద గంట మోగింది. అందరం ఉన్నపళంగా పార్కింగ్ స్థలంలోకి పరిగెత్తాం. పైజమాల్లో కొందరు, తలకు నురగతో కొందరు. అంతమంది ఒకచోట కనబడేసరికి కమిషనర్ గారు ఆగలేకపోయారు. అగ్నిమాపక వాహనం మెట్టెక్కి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ‘కమిషనర్ కోసం పడకల మీంచి లేచివచ్చిన జనం’ అని పత్రికలో ఫోటో వేశారు. అది అబద్ధం కాదు.

ఆయన క్రమశిక్షణ గురించి ఒక్కమాట చెప్పాలి. రోజూ సాయంత్రం ఆరింటికి వెనక తలుపు గుండా ఇంటికి వెళ్లి, పొద్దున ఏడింటికి ముందు తలుపు గుండా వచ్చేవారు. “నిద్రపోతూ అధ్యయనం చెయ్యలేం కదా ఎర్ల్” అన్నారు ఓసారి. నలగని ఆయన పక్కదుప్పట్లు మేం రోజూ మార్చేవాళ్లం.

అలా ఇరవై తొమ్మిదో రోజు వచ్చింది. ఆయన చేరిన రోజే డెలోరిస్‌ను కొత్త గదిలో రాశాం కాబట్టి, ఇద్దరి గడువూ ఒకే రోజు పడింది. నేను ముందురోజు ఇద్దరికీ ఫోన్ చేశాను. ఆయన మేనేజర్‌కు ఫోన్ చేశారు. మేనేజర్ నాకు ఫోన్ చేసి, “ఆయన్ని కదిలించావో, నిన్ను కదిలిస్తా” అన్నాడు.

పొద్దున డెలోరిస్ కౌంటర్ దగ్గర ఆయన్ని పట్టుకుంది. నియా పక్కనే కుర్చీలో కూర్చుని ఎగరొప్పుతోంది.

“సార్, మీరు ఉంటున్నారటగా. నాకూ ఈ ఒక్క రాత్రికి చెప్పించండి. వారం రోజులుగా పిల్లకి బాగాలేదు. యంత్రం ప్లగ్గుకే పెట్టాలి.”

“అమ్మా, నీకొక్కదానికి చెప్పిస్తే పక్షపాతం అవుతుంది. నా ప్రాణం పోయినా పక్షపాతం మాత్రం చెయ్యను.”

“మరి మీరు?”

“నాది ప్రజాసేవ.”

“నాదేంటి సార్?”

ఆయన గడియారం చూసుకున్నారు. కోర్ట్నీ ఆయన భుజం మీద లేని దుమ్ము దులిపింది. పదకొండయింది. నేను 109 తాళం వెనక్కి తీసుకున్నాను. అది నా ఉద్యోగం.

ఆ రాత్రి ఆమె యంత్రాన్ని కారు బ్యాటరీకి తగిలించింది. బ్యాటరీ అయిపోయింది. నియాను అంబులెన్సులో తీసుకెళ్లారు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. ఈ సంగతి విని కమిషనర్ గారు కోర్ట్నీని పిలిచారు. తరవాత కోర్ట్నీ రాసుకుంది: ‘అవసరమైనప్పుడు ప్రత్యామ్నాయ వసతి వెంటనే దొరుకుతుంది.’ లాభాల్లోనే.

ముప్పై ఒకటో రోజు ఆయన గది ఖాళీ చేస్తూ ఒక కాగితం నా ముందు పెట్టారు. ‘రాండల్ హచెన్స్ ఈ చిరునామాలో ముప్పై రోజులు ఎడతెగకుండా నివసించారని ధ్రువీకరిస్తున్నాను.’

“ఇది నివేదికలోకా సార్?” అన్నాను.

“నామినేషన్లోకి. కొత్త వార్డు మ్యాప్‌లో మా ఇల్లు కాలవ అవతలికి పోయింది ఎర్ల్. నా వార్డులో నేనే ఉండనంటే ప్రజలు అన్యాయమైపోరూ? అక్కడ, కింద. సంతకం పెట్టు.”

పెట్టాను. కలం కూడా ఆయనే ఇచ్చి, మళ్లీ ఆయనే తీసుకున్నారు.

నివేదిక సెప్టెంబరులో వెలువడింది. రంగుల అట్ట. లాభాలు నలభై ఒకటి. నష్టాలు రెండు: ఐసు యంత్రం మోత, దిండ్లు గట్టిగా ఉండడం. మొదటిది ఇప్పటికే పరిష్కరించినట్టు కింద గీత గీసి మరీ రాశారు. ఎనభై నాలుగు సంతకాల అర్జీని ‘స్థానికుల ఉత్సాహానికి నిదర్శనం’ అని చివరి పేజీలో బొమ్మగా వేశారు.

డెలోరిస్ దాన్ని కౌంటర్ దగ్గరే నిలబడి అట్ట నుంచి అట్ట దాకా చదివింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. “ఇంతకీ ఓట్లెప్పుడు?” అని మాత్రం అడిగింది. మర్నాడు సెలవు పెట్టి, మూడేళ్ల హోటల్ రసీదులు చెప్పుల పెట్టెలో వేసుకుని, ఓటరుగా పేరు రాయించుకోవడానికి ఎన్నికల ఆఫీసుకు వెళ్లింది. కారు మళ్లీ మొరాయించడంతో నేనే తీసుకెళ్లాను.

గుమాస్తా రసీదులన్నీ ఓపిగ్గా చూసింది.

“ఇరవై తొమ్మిది రోజులు ఉన్నారు. పోయారు. మళ్లీ ఇరవై తొమ్మిది. మళ్లీ పోయారు. ముప్పై రోజులు ఎడతెగకుండా ఎక్కడా లేరమ్మా. లెక్క ప్రకారం మీరు ప్రయాణికులు.”

“మూడేళ్లుగా ప్రయాణం చేస్తున్నానా? ఎక్కడికి?”

“అది మీరే చెప్పాలి. ఆ గడి కూడా ఉంది ఇక్కడ.”

డెలోరిస్ తరవాత మా హోటల్ నుంచి ఇంకో అరవై మంది వెళ్లారు. అరవై మందీ ప్రయాణికులే అని తేలింది.

నవంబరులో మా ఫలహారాల గదిలోనే పోలింగ్ పెట్టారు. కొత్త మ్యాప్‌లో మా హోటల్, రెండు గోడౌన్లు, ఒక పెట్రోల్ బంకు కలిపి ఒక కేంద్రం. గోడౌన్లలో ఎవరూ కాపురం ఉండరు. నా ఇల్లు నది అవతల, వేరే వార్డు. పొద్దున ఏడింటికల్లా ముగ్గురు అధికారులు బల్ల వేసుకుని కూర్చున్నారు. మావాళ్లు వాళ్ల చుట్టూ తిరిగి కాఫీ పోసుకున్నారు.

పదింటికి కమిషనర్ గారు ఓటెయ్యడానికి కెమెరాలతో వచ్చారు. కెమెరా అతను పెదవి విరిచాడు. “వరస బోసిగా ఉంది సార్. ప్రజాస్వామ్యం కనబడ్డంలేదు.”

కోర్ట్నీ గబగబా మావాళ్ల దగ్గరికొచ్చింది. “కాస్త సార్ వెనకాల నిలబడతారా? రెండు నిమిషాలు.”

“నిలబడితే ఓటెయ్యనిస్తారా?” అంది డెలోరిస్.

“లేదండీ, ఫోటో వరకే.”

ఎనిమిది మంది మొహమాటానికి నిలబడ్డారు. డెలోరిస్ కుర్చీ తిప్పుకుని, ఆ వరసకు వీపు పెట్టి కూర్చుంది. ఫోటోలో ఆ వీపు చాలా స్పష్టంగా పడింది. పత్రికవాళ్లు దాన్ని కత్తిరించి వేశారు.

వార్డు మొత్తం మీద ఆయన స్వల్ప ఆధిక్యతతో గెలిచారు. విజయోత్సవ సభలో మా హోటల్ పేరెత్తగానే ఆయన జేబురుమాలు తీశారు. “ఎవరి మధ్య బతికానో, ఎవరి కష్టాలు నావిగా చేసుకున్నానో, ఆ జనం నన్ను గుండెల్లో పెట్టుకున్నారు. అక్కడ నా ప్రత్యర్థికి ఒక్క ఓటు కూడా పడలేదు!” అన్నారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

గిట్టనివాళ్లు ఇది కూడా అబద్ధమంటారేమోనని, ఎన్నికల ఆఫీసు మా గోడకు అంటించిన కాగితం ఉన్నదున్నట్టు ఇక్కడ ఎత్తిరాస్తున్నాను.

మొత్తం ఓటర్లు: ఒకరు. పోలైన ఓట్లు: ఒకటి. హచెన్స్ గారికి వచ్చినవి: నూటికి నూరు శాతం.