మూలకుళం బాగుపడిన విధం

పల్లె తన కాళ్ల మీద తాను నిలబడాలంటే, ముందుగా పట్టణంలో ఒక అధికారి కుర్చీలో కూర్చోవాలి. ఈ సూత్రం ప్రకారమే 1978లో పుదుచ్చేరి వైట్ టౌన్‌లో, సముద్రపు గాలి తగిలే మేడలో, గ్రామ స్వావలంబన కార్యాలయం వెలిసింది. దాని అధికారి పురుషోత్తమన్, బాగుపడవలసిన ఊరిగా మూలకుళాన్ని ఎంపిక చేశారు. (జీపు వెళ్లే దారిలో మొదట తగిలింది అదే.)

ఊరి ఆడవాళ్లకు తాటాకు బుట్టలు అల్లడం నేర్పారు. బుట్టలు చక్కగానే వచ్చాయి. అయితే నాణ్యత తేల్చనిదే అమ్మరాదని నిబంధన. తేల్చడానికి ఒక తనిఖీదారు వచ్చాడు. ఆయన సరిగ్గా తేల్చాడో లేదో తేల్చడానికి ఇంకొకాయన. ఇద్దరూ నిజంగా వచ్చారో లేదో చూడడానికి సాక్షాత్తు పురుషోత్తమన్ గారు. బుట్టలు మాత్రం వాటిని పేర్చిన గదిలోంచి కదల్లేదు.

భర్త పోయిన మునెమ్మ, బుట్టలమ్మి ఇంటికి పెంకులు వేయించుకోవాలనుకుంది. వానలు దగ్గర పడ్డాయి. ఒకనాడు ఆకలితో తూలుతున్న తనిఖీదారుకు జాలిపడి నాలుగు ఇడ్లీలు పెట్టింది. ఆయన తిని, డబ్బిచ్చి, మర్నాడు మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. (బుట్టలను మళ్లీ పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది.)

మునెమ్మ వాకిట్లో పందిరి వేసింది. పక్కింటి పంకజం టీ కాచింది. పంకజం మొగుడు జీపులు కడిగాడు. పై అధికారులు వచ్చే రోజుల్లో ఎదురింటి అలివేలు దండలు కట్టింది. ఊరందరికీ పని దొరికింది. మునెమ్మ ఇంటికి పెంకులు ఎక్కాయి.

అది చూసి పురుషోత్తమన్ గారి కళ్లు చెమర్చాయి.

"మీ ఊరు సొంతంగా నిలబడిపోయింది మునెమ్మా! స్కీము సక్సెస్. రేపట్నించి మేమెవరం రాము."

ఆయనకు ఇడ్లీలు వడ్డిస్తున్న మునెమ్మ గరిట పక్కన పెట్టింది.

"అదేంది సార్! మీరు రాకుంటే మేమెట్లా నిలబడేది?"

"స్వావలంబన అంటే అదే కదమ్మా."

"ఇంకొంచెం నిదానంగా బాగుపడతాం సార్. ఇంకో యేడాది చూసిపోండి."

"రూల్ ఒప్పుకోదు. బాగుపడిన ఊరికి జీపు పంపరాదు" అని ఆయన చట్నీ ఇంకొంచెం అడిగారు.

పందిరి ఊడింది. కొన్నాళ్లు మునెమ్మ దిగులుగా గడప మీదే కూర్చుంది. తర్వాత పంకజాన్ని తీసుకుని, సామాను నెత్తికెత్తుకుని, కార్యాలయం వారు కొత్తగా ఎంపిక చేసిన పక్క ఊరికి నడిచింది.

అక్కడి కూలిన గోడలు చూసి పంకజానికి మనసు కరిగింది.

"పాపం, ఈళ్లు తొందరగా బాగుపడాల అక్కా."

"గట్టిగా అనబాకే" అంది మునెమ్మ. "ఇప్పుడే కదా పొయ్యి పెట్టినాము."